దారం తీసేసిన ఉత్తరాలు

పోయినవాటితో మొదలుపెడతాను. వాటి లెక్కలో నాకు అనుమానం లేదు.

ఉత్తరాలు నూట డెబ్బై మూడు. నూలుకు రంగు వేసే కొలతలు రాసుకున్న పుస్తకాలు నాలుగు. ఫోటోలు పందొమ్మిది. దినచర్య పుస్తకాలు మూడుంటే అందులో రెండు. మొదటి షెడ్డు కోసం గీసుకున్న నక్షా ఒకటి. సన్మాన పత్రాలు ఆరు. వాటిని చుట్టిన పట్టుగుడ్డ మాత్రం ఉతికితే బాగానే వచ్చింది. ఇవన్నీ ఉన్న టేకు సందుగకు అడుగు చెక్క ఒకటి. చెక్కను కూడా ఎందుకు రాశావని సందుగ ఉన్న ఇంటివాళ్లు అడిగారు. పోయింది కాబట్టి రాశాను.

ముద్దయిపోయిన కాగితాన్ని ఎలా లెక్కపెట్టావని కూడా అడిగారు. నేను ముద్దను లెక్కపెట్టలేదు. సందుగ మూత లోపలివైపు ఆ ఇంటి పెద్దకొడుకు ఎప్పుడో అంటించిన జాబితా ఉంది. నీళ్లు మూత దాకా రాలేదు. జాబితాలో ఉత్తరాలు నాలుగు వందల పన్నెండు. ఎండబెట్టాక నా చేతిలో మిగిలినవి రెండు వందల ముప్ఫై తొమ్మిది. మిగతాది తీసివేత.

కొత్తవాడలో ఆ ఇల్లు తెలియనివాళ్లు లేరు. ఆటోవాళ్లకు కూడా అది గుర్తు. తొర్రూరు అవతల పల్లె నుంచి ఒక నేతగాడు వచ్చి, నాలుగు మగ్గాలతో జంపఖానాల కార్ఖానా పెట్టి, దాన్ని నలభై మగ్గాల దాకా తెచ్చాడు. ఉతికినా దిగని ఎరుపు వరంగల్‌లో మొదట ఆయన బానలోనే తేలిందంటారు. నేతగాళ్ల పిల్లలకు రాత్రిబడి పెట్టించాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్లు. నేను పుట్టేసరికే ఆయన లేడు. నలభై మగ్గాల్లో ఇప్పుడు ఇంటి వెనక షెడ్డులో రెండు మిగిలాయి. వాటి మీద మా మేనమామ నేస్తాడు.

మా నాన్న ఆ కార్ఖానాలోనే పడుగు పోసేవాడు. పడుగంటే మగ్గం మీద నిలువునా సాగే దారాలు. ఒక్క పోగు తగ్గినా నేత అంచుకు వచ్చేసరికి బయటపడుతుంది. అందుకని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పోగులు లెక్కపెట్టించేవాడు. బడి ఏడో తరగతిలో ఆగిపోయింది, లెక్క ఆగలేదు. తర్వాత కేసముద్రం మార్కెట్ యార్డులో ఒక పత్తి దుకాణానికి ఇరవై రెండేళ్లు బస్తాల లెక్క రాశాను. కంటితో చూస్తూ, చేత్తో తాకుతూ లెక్కపెట్టడమే నాకు తెలిసిన విద్య. ఇంకొకటి కూడా వచ్చు. మా నాన్న తెచ్చే నూలు చీటీలు చదివీ చదివీ, అక్షరానికి అక్షరం తగిలించి రాసే పాత గొలుసుకట్టు రాత నాకు అలవాటైంది. ఈ కాలం చదువుకున్నవాళ్లు దాన్ని చూసి భయపడతారు.

ఆ ఏడాది వానలకు నాలా పొంగి ఆ ఇంటి కింది గదిలోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. సందుగ ఒకటిన్నర రోజు నీళ్లలో ఉంది. మూడో రోజు పొద్దున పెద్దాయన మనవడు మా ఇంటికి వచ్చాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. ఇల్లు ఇప్పుడు అతని చేతిలోనే ఉంది.

"అక్కా, జర రావాలె. మేం ముట్టుకుంటే కాయితాలు చేతికి ఊడొస్తానయ్. నువ్వైతేనే పని మంచిగైతది."

వెళ్లేసరికి గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పెద్దమ్మ కూర్చుని ఉంది. అతనికి మేనత్త, పెద్దాయన చిన్న కూతురు. ఎనభై ఆరేళ్లు. కళ్లు సగమే పనిచేస్తాయి, నోరు పూర్తిగా పనిచేస్తుంది.

"ఏందే లెక్కల పిల్లా, మా ఇంటి బురద గూడ లెక్కవెడ్తవా?"

"బురద మీది కాదు పెద్దమ్మా, నాలాది. మీదేదో అదే లెక్కవెడ్త."

నవ్వింది. తర్వాత నా మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. మేనల్లుడు లోపలికి వెళ్లే దాకా ఆగింది.

"అండ్ల మా అమ్మ ఉత్తరాలున్నయి బిడ్డా. మా నాయిన ఈడ కార్ఖాన వెడ్తే మా అమ్మ ఊర్లనే మగ్గాలు జూసుకుంట ఉన్నది. ఎవ్వలతోనన్న రాయించి పంపేది. అయ్యి సదివి జెప్పాలె నాకు."

"ఇన్నేండ్లు ఎవ్వలు సదివి చెప్పలేదా?"

"మా అన్న సందుగ ముట్టనియ్యలే. తాళంచెవి మొలతాడుకే ఉండేది. ఆయిన పొయ్యి మూడేండ్లాయె. తాళంచెవి నా చేతికొచ్చేసరికి కండ్లు పాయె."

ఆమె ఏం వినాలనుకుంటున్నదో కూడా అప్పుడే చెప్పింది. నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆమెకు జ్వరాలు తగ్గక, ఇక్కడి దవాఖానకు దగ్గరగా ఉంటుందని పెద్దాయన తనతో తెచ్చుకున్నాడు. తల్లి పల్లెలోనే ఉండిపోయింది. రెండేళ్లకు అక్కడే చనిపోయింది. ఇక్కడ పెంచింది మేనత్త. ఆ మేనత్తకు కోపం వచ్చినప్పుడల్లా ఒకటే మాట: "మీ అమ్మకు మగ్గమే బిడ్డ. నిన్ను ఒక్కనాడన్న అడ్గలే."

"అడిగిందో లేదో, గా ఉత్తరాలల్ల ఉంటది," అంది పెద్దమ్మ. "అడ్గకపోతె అడ్గలేదనే చెప్పు. కలిపి చెప్పకు. నీకు కలిపి చెప్పుడు రాదని తెలిసే పిలవమన్న."

చదివి చెబుతానన్నాను. ముందు ఎండాలి కదా అన్నాను. ఏవి తల్లివో ఎలా తెలుస్తుందని అడగలేదు. ఉత్తరమన్నాక కింద పేరుంటుందనుకున్నాను.

తడి కాగితాన్ని తాడు మీద వేస్తే మడత దగ్గర తెగుతుంది. నేల మీద పరిస్తే అంటుకుంటుంది. మా మామ మగ్గం మీద అప్పుడే కొత్త తెల్ల పడుగు ఎక్కించి ఉంది. బిగుతుగా లాగిన దారాలు, కింద నుంచి గాలి. దాని మీద ఒక్కొక్క ఉత్తరం విప్పి పరిచి, పక్కన ఫ్యాను పెట్టాను.

"నా పడుగు మీద మీ చాకలిపనేందే కోడలా?" అన్నాడు మామ. మేనమామలు మమ్మల్ని అలాగే పిలుస్తారు.

"నాలుగొద్దులు మామా. నీకు గూడ రెస్టు."

"రెస్టు తీస్కుంటే నడుము పట్టుకుంటది నాకు."

అన్నాడు గాని, దారాలు ఇంకాస్త బిగించి ఇచ్చాడు. నాలుగు రోజులన్నది పదకొండు రోజులైంది.

రెండో రోజే నాకు ఒక సంగతి కంటపడింది. కొన్ని ఉత్తరాలకు రంగు దారం ముక్కలు కట్టి ఉన్నాయి. ఎరుపు, నీలం, పసుపు, నలుపు. అవి నాకు కొత్త కాదు. జంపఖానా కావలసినవాళ్లు తమకు నచ్చిన రంగు దారం ఉత్తరానికి కుట్టి పంపేవాళ్లు, ఈ రంగే కావాలని. చిన్నప్పుడు కార్ఖానాలో అలాంటివి చాలా చూశాను. ఇప్పుడు ఆ దారాలు తడికి రంగు వదులుతున్నాయి. ఎరుపు అక్షరాల మీదికి పాకుతోంది. గంట ఆలస్యమైతే ఒక వరుస పోతుంది. చిన్న కత్తెర తెచ్చుకుని, ముడికి ఎదుటివైపు కత్తిరించి, కాగితం చిరగకుండా దారం లాగేశాను. అన్నింటికీ అలాగే చేశాను. తీసిన దారాలను బిస్కెట్ డబ్బాలో వేసి, మూత మీద సంఖ్య రాశాను: అరవై ఒకటి. ఉత్తరాలకు ఎండిన వరుసలో పెన్సిలుతో నంబర్లు వేశాను. రాలిపడిన కాగితపు అంచులను కూడా పారెయ్యకుండా ఒక కవర్లో వేశాను. ఇంత శుభ్రంగా ఈ పని ఇంకెవరూ చెయ్యరని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం.

పన్నెండో రోజు నోటుపుస్తకం పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. మిగిలినవి ఇన్ని, వ్యాపారానివి, చుట్టాలవి, ఉర్దూవి కలిపి నూట నలభై ఐదు, పల్లె ఇంటి నుంచి వచ్చినవి తొంభై నాలుగు అని చదివాను.

"తొంభై నాలుగుల మా అమ్మయి ఎన్ని?"

అక్కడే చిక్కు పడింది. ఆ తొంభై నాలుగింటిలో ఎక్కడా పేరు లేదు. భర్త పేరు ఆమె నోట అనదు. తన పేరు రాయించదు, ఆడవాళ్ల పేరు ఉత్తరం మీద ఎక్కడం అప్పుడు లేదు. రాసిపెట్టేవాడు చివర "ఇట్లు ఇంటివారు" అని ముగించేవాడు. ఆ ఇంట్లో ఆమెతో పాటు అత్తగారు, మరిది, తోడికోడలు ఉన్నారు. ఒక్కరికీ రాయడం రాదు. అందరూ అదే పంతులుతోనో, అటుగా వచ్చిన పోస్టు జవానుతోనో రాయించుకునేవాళ్లు. అందరి చివరా "ఇంటివారే". అందరూ నూలు గురించే అడిగారు. ఎవరు ఎవరికి రాశారో తెలిసే మొదటి వరుసలు మడతకు పైభాగంలో ఉండి, నీళ్లకు ముందుగా అవే కొట్టుకుపోయాయి.

"పేర్లు లేవు పెద్దమ్మా. ఎట్ల గుర్తువట్టాలె?"

"పేరెందుకు? దారం గట్టినయి మా అమ్మయి. సంతకం రాదుగద, మూలకు దారం గట్టి ముడేసేదట. మా నాయిన చెప్పిండు నాకు. సందుగ నా చేతికొచ్చినంక దారాలు తడిమి చూసుకునేదాన్ని."

నేను నోటుపుస్తకం మూశాను.

"దారాలు తీసేసిన పెద్దమ్మా."

"అన్నీ?"

"అన్నీ. రంగు కారుతాందని."

"జాగ్రత్తగ తీసినవా?"

"శానా జాగ్రత్తగ."

"గదే నీతోని వచ్చిన తిప్పలు," అంది. "జాగ్రత్త లేనిదానివైతే సగమన్న మిగిలేటియి."

ముఖం గోడవైపు తిప్పుకుంది. నేను ఇంకో అరగంట అక్కడే కూర్చున్నాను. లేచి వస్తుంటే, "డబ్బ పారెయ్యకు," అని మాత్రం అంది.

ఇరవై రెండేళ్లలో బస్తాల లెక్క తప్పిన రోజులు నాకు మూడు ఉన్నాయి. మూడుసార్లూ మళ్లీ మొదటి నుంచి లెక్కపెడితే సరిపోయింది. ఇది అలాంటి తప్పు కాదు. లెక్క సరిగ్గానే ఉంది. అడగవలసిన ఒక్క మాట అడగలేదు.

డబ్బా మామ ముందు పెట్టాను. ఇందులో కొన్ని వ్యాపారం దారాలు, కొన్ని ఆమె కట్టినవి, వేరు చెయ్యగలవా అన్నాను. మామ అద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క దారం వేలి మీద పరిచి, ముడి దగ్గర బొటనవేలితో రుద్ది చూశాడు. ముడి వైపు కత్తిరించకపోవడం ఒక్కటే నేను చేసిన మంచి పని. ముడులన్నీ ఉన్నాయి. రెండు కుప్పలు వెయ్యడం మొదలుపెట్టాడు. టీ చల్లారిపోయే దాకా వేస్తూనే ఉన్నాడు.

"ఇవన్నీ దుకాణమోళ్ల ముడులు, మొద్దుగున్నయి. ఇవి మన సాలోళ్లవి. తెగిన పోగు అతికేటి ముడి."

"ఇన్నెందుకున్నయి మామా? ఆమె మరిది గూడ రంగు చూపెట్టనీకి దారం గట్టి పంపేటోడట."

"ఆగు, నన్ను చెప్పనీ." సాలోళ్ల కుప్పను మళ్లీ దగ్గరికి లాక్కుని చూశాడు. "ఇండ్ల గూడ రెండు తీర్లున్నయే. ఇవేమో అందరి లెక్కనే. ఇవి ఉల్టా వడ్డయి. ఈ ముడులేసినోళ్లది ఎడమ చెయ్యి."

మామను అలాగే లేపి పెద్దమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఎందుకో చెప్పకుండా అడిగాను, మీ అమ్మది ఏ చెయ్యివాటం అని.

"ఎడమ," అంది వెంటనే. "ఎడమచేత్తో తింటాందని మా నాయినమ్మ తిట్టేదట. ఎందుకడుగుతాన్నవ్?"

మామ ఉల్టా ముడుల కుప్పను ఆమె ఒళ్లో పోశాడు. ముప్ఫై నాలుగు ఉన్నాయి. పెద్దమ్మ వాటిని ఒక్కొక్కటే వేళ్లతో తడిమింది. ముడి కుడివైపు పడిందో ఎడమవైపు పడిందో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. తెలిసిన మామ పక్కన కూర్చుని, "అదే, అదే, గది గూడ," అంటూ ఉన్నాడు.

అంటే తల్లి ఉత్తరాలు ముప్ఫై నాలుగు. ఎండి, మిగిలి, నంబరు పడిన తొంభై నాలుగింటిలోనే ఉన్నాయి. ముద్దయినవాటి దారాలు ముద్దలోనే పోయాయి. నేను తీసినవి మిగిలినవాటి దారాలే. ఏది ఏ ఉత్తరానిదో చెప్పగలిగితే చాలు.

దారం పోయినా సూది బెజ్జం ఉంటుంది. బెజ్జం చుట్టూ రంగు మరక ఉంటుంది. భూతద్దం కొనుక్కుని తొంభై నాలుగు ఉత్తరాల మూలలు చూశాను. మరిది దారం కాగితం మధ్యలో గుచ్చేవాడు, ఆమె ఎడమవైపు పైమూలకు. మూల బెజ్జం ఉండి, మరక రంగుకు డబ్బాలో దారం ఉండి, పొడవు కూడా సరిపోతేనే ఒప్పుకున్నాను. అనుమానం వస్తే పక్కన పెట్టాను. నెలన్నర పట్టింది. ఇరవై మూడు తేలాయి. మిగతావాటిలో చాలావాటికి ఆ మూలే లేదు, నాని రాలిపోయింది.

ఆదివారాలు పొద్దున పది గంటలకు చదవడం మొదలుపెట్టాను. పెద్దమ్మ తలకు స్నానం చేసి కూర్చునేది.

మొదటి ఉత్తరంలో నూలు తక్కువ వచ్చిందని ఉంది. రెండోదాంట్లో నీలిమందు బాన చెడిందని. మూడోదాంట్లో అత్తగారి మోకాలు, ఆవు ఈనడం. నాలుగూ ఐదూ నేతగాళ్ల గురించే. ఇద్దరిని పంపుతున్నాను, ఒకతని భార్య నెలలు నిండింది, వీధివైపు గది ఇవ్వండి, వచ్చిన రోజే మగ్గం మీద కూర్చోబెట్టకండి అని. ఆరోదాంట్లో మళ్లీ ముగ్గురిని పంపుతున్నానని. వింటూ పెద్దమ్మ తల ఊపేది. ఎనిమిది అయ్యాయి. పిల్ల మాట ఒక్కదాంట్లోనూ లేదు.

"ఇంకోటి సదువు," అంది.

"అలిసిపొయ్యినవేమో. వచ్చేవారం చూద్దాం."

"నేను అలిసిపోలే. నువ్వు భయపడ్తాన్నవ్. సదువు."

తొమ్మిదోది పెన్సిలుతో రాసినది, సగం చెరిగింది. నూలు సంగతి అయిపోయాక కింద ఇలా ఉంది: "పిల్లకు తల ఎవరు దువ్వుతున్నారు? చిక్కులు పడితే కత్తిరించనీయకండి. నూనె రాసి కింది నుంచి విప్పమనండి, పడుగు చిక్కు విప్పినట్టు. పైనుంచి లాగితే ఏడుస్తుంది."

చదివి ఆగాను. పెద్దమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చుంది. "కత్తిరించిండ్రు," అంది. "మా మేనత్త గుండు లెక్క కత్తిరించింది. గీ ఉత్తరం అందేలోపల్నే కత్తిరించింది గావచ్చు." తల తడుముకుని, "తర్వాత మా నాయినే దువ్వెటోడు. పాపిడ వంకర పోయేది. నూనె మస్తు వెట్టెటోడు. ఎందుకో ఇప్పుడు ఎర్కయింది," అంది.

మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

"అడిగింది గదా?"

"అడిగింది పెద్దమ్మా."

"ఎన్నోది అది?"

"తొమ్మిదోది."

"రాస్కో."

ఇరవై మూడు అయ్యేసరికి ఐదింటిలో అడిగింది. ఒకసారి జ్వరం గురించి, ఒకసారి చెప్పుల గురించి. ఒకసారి ఊరికే, "పిల్ల నన్ను అడుగుతుందా" అని. అది చదివిన రోజు పెద్దమ్మ అన్నం తినలేదని మేనల్లుడు ఫోన్ చేసి, ఏం చదివావని నన్ను గట్టిగానే అడిగాడు.

అతన్ని తప్పుపట్టను. అతనికి కావలసింది తాత చరిత్ర. పుస్తకం వేయించాలని, దాన్ని పది మంది ముందు విడుదల చెయ్యాలని అతని కోరిక. నేను ఆ ఉత్తరాల్లో పేర్లు లెక్కపెట్టి, కార్ఖానాకు వచ్చిన మొదటి నేతగాళ్లలో పన్నెండు మందిని పల్లెలో పని నేర్పి పంపింది మీ నాయినమ్మేనని చెప్పాను.

"తాత రాసుకున్న దాంట్ల గట్ల లేదు గదక్కా."

"దినచర్య పుస్తకాలు రెండు పొయినయి తమ్మీ. ఆటిల ఉండొచ్చు."

కొంచెం ఆలోచించి, "ఉండొచ్చు," అన్నాడు. తర్వాత ఆ నూట నలభై ఐదు ఉత్తరాలను హైదరాబాదులో ఒక గ్రంథాలయానికి ఇచ్చాడు. పల్లె ఇంటివి మాత్రం, "ఇవి అత్తమ్మయి," అని వదిలేశాడు. పుస్తకంలో నాయినమ్మ గురించి ఒక పేజీ ఉంటుందంటున్నాడు. ఆ పేజీ నేనే రాయాలట.

ఇంకా పదకొండు తేలాలి. రాలిన అంచుల కవరు తీశాను. యాభై రెండు తునకలు. బొటనవేలి గోరంతవి. వాటిని తెల్లకాగితం మీద పరిచి, చిరుగుకు చిరుగు ఆనించి చూడటం వానకాలం నుంచి చలికాలం దాకా పట్టింది. తుమ్ము వస్తే బయటికి పరుగెత్తేదాన్ని. నాలుగు తునకలకు బెజ్జం, మరక ఉండి, నాలుగు ఉత్తరాలకు సరిగ్గా అతికాయి. అందులో ఒకటి చివరి రోజుల్లోది కావచ్చు. చేయి బాగోలేదని, ముడి తోడికోడలితో వేయిద్దామనుకుని నేనే వేశానని అందులో రాయించింది. పిల్లకు కొత్త పావడా గుడ్డ పంపుతున్నానని కూడా. అంటే ఇరవై ఏడింటిలో ఆరు. పెద్దమ్మకు చెబితే, "గుడ్డ అందలే," అంది. "అందకపోయినా పంపింది గదా."

మిగతా తునకలు పొడి. వాటి నుంచి ఇంక ఏమీ రాదు. ఆ మాట చెప్పడానికి వెళ్లాను. తొంభై నాలుగులో ఇరవై ఏడు పోతే అరవై ఏడు ఉన్నాయి, వాటిలో ఏడు అమ్మవే, ఏ ఏడో చెప్పే దారి నా దగ్గర లేదు అన్నాను.

"అరవై ఏడు సదువు," అంది పెద్దమ్మ.

"అన్నీ?"

"అన్నీ. మా అమ్మదైతే నాకు ఎర్కైతది."

ఎలా తెలుస్తుందని నేను అడగలేదు. ఆరేళ్లప్పుడు పోయిన తల్లి ఆమెకు గుర్తున్నది వీపు మాత్రమేనట, మగ్గం ముందు కూర్చున్న వీపు. మాట గుర్తు లేదు. అయినా చదువుతున్నాను. ఆదివారానికి రెండో మూడో. ఒకదాంట్లో పైకప్పు కారుతోందని ఉంది.

"ఇది మా అమ్మదే."

"మీ చిన్నాయినది గూడ కావచ్చు గదా పెద్దమ్మా."

"ఇల్లు కారుతాందని మొగనికి గాక ఇంకెవ్వలకు చెప్తది? మా అమ్మదే. వెట్టు పక్కకు."

పక్కకు పెట్టాను. ఇంకోదాని చివర "పిల్లను అడిగినట్టు చెప్పండి" అని ఉంది. నాయినమ్మ రాయించి ఉండొచ్చు, తోడికోడలు రాయించి ఉండొచ్చు, రాసిపెట్టిన పంతులు అలవాటుగా చేర్చిన మాట కూడా కావచ్చు. అది చదవగానే పెద్దమ్మ చెయ్యి చాపి కాగితం తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఆ రోజు ఇంక చదవనివ్వలేదు.

పోయిన ఆదివారంతో అరవై ఏడూ అయిపోయాయి. పక్కకు పెట్టమన్నవి పందొమ్మిది. ఉండగలిగినవి ఏడు. పెద్దమ్మ ముఖం తేటగా ఉంది. ఆ పందొమ్మిదింటినీ, ముందు తేలిన ఇరవై ఏడింటితో కలిపి, మునుపు సన్మాన పత్రాలు చుట్టిన ఆ పట్టుగుడ్డలోనే చుట్టించింది.

"ఇగ నీ బాకీ తీరింది పో," అంది నాతో. "పన్నెండు ఎక్కువనే ఇచ్చినవ్."

పన్నెండు అని నేను చెప్పలేదు. తనే లెక్కపెట్టుకుంది. అంటే ఆమెకు తెలుసు.

ఆమె ఎదుట అవునన్నాను. ఇంటికి వచ్చి నోటుపుస్తకం తెరిచాను. ముడి చూసి, బెజ్జం చూసి, మరక చూసి, ఇది తల్లిదే అని నా చేత్తో ఇచ్చినవి ఇరవై ఏడు. ఆ తల్లి కట్టిన దారాలు నేను తీసినవి ముప్ఫై నాలుగు. ఈ రోజు వరకు నేను ఇవ్వవలసినవి ఏడు.